మన పిల్లలకి తాబేలు మర్యాద వద్దు

"ఈ కాలం పిల్లలకి మర్యాద తెలీదండీ. పెద్దా లేదు, చిన్నా లేదు." జూన్‌లో బడి తెరిచిన దగ్గర్నుంచి ఏప్రిల్‌లో మూసేదాకా ఈ మాట మేము వింటూనే ఉంటాం. అనేవాళ్ళు రెండు రకాలు. ఊళ్ళో పెద్దవీధి వాళ్ళు అన్నప్పుడు దానికి అర్థం ఇది: పేట కుర్రాడు మమ్మల్ని చూసి అరుగు మీంచి లేవటం లేదు, మోటారు సైకిలు దిగకుండా మా వీధిలోంచి పోతున్నాడు, ఒరే అంటే పలకటం లేదు. మన పేటలో తల్లి అన్నప్పుడు అర్థం వేరే: కొడుకు తాగొచ్చి ఎదురు తిరుగుతున్నాడు, చెప్పిన మాట వినడు, చేతిలో సెల్లు తప్ప ఇంకో లోకం లేదు. మాట ఒకటే, బాధలు రెండు. రెండో బాధకి జవాబు చెప్పే బాధ్యత మనది. మొదటిదానికి జవాబు చెప్పాల్సిన పనే లేదు. చిక్కెక్కడ వచ్చిందంటే, మన పేటల్లో చాలామంది అమ్మానాన్నలు ఈ రెండింటినీ ఒకే మూటలో కట్టేసి పిల్లల నెత్తిన పెడుతున్నారు. మూట విప్పి, ఏది మంచి నడతో ఏది బానిసతనమో వేరు చెయ్యకపోతే మన పిల్లలు రెంటికీ చెడతారు.

అసలు మర్యాద అంటే ఏమిటి? నిఘంటువు తీసి చూడండి. హద్దు అని ఉంటుంది. పొలం గట్టు, ఊరి పొలిమేర, సముద్రం దాటకూడని చెలియలికట్ట - ఇదీ ఆ మాటకి పాత అర్థం. శ్రీకూర్మం నుంచి కళింగపట్నం దాకా సముద్రం పక్కన బతికే మనకి ఈ హద్దు సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. అయితే సముద్రానికి హద్దు ప్రకృతి గీసింది. మనిషికీ మనిషికీ మధ్య హద్దు ఎవరు గీశారు? ఊరికి ఆ చివర పేట ఎందుకుంది? గీసినవాడు ఒకడు, దాని లోపల ఒదిగి ఉండాల్సినవాడు ఇంకొకడు. ఒదిగి ఉంటే "మర్యాదస్తుడు, మంచోడు" అని మెచ్చుకుంటారు. కాలు బయట పెడితే "వీడికి మదమెక్కింది" అంటారు. తమిళనాట పెరియార్ 1925లో మొదలుపెట్టిన ఉద్యమానికి పెట్టుకున్న పేరు కూడా ఈ మాటతోనే ఉంది - స్వయం మర్యాద. మాట అదే, ముందు 'స్వయం' ఒక్కటే చేరింది. దాంతో హద్దు గీసే సుద్దముక్క చేతులు మారింది.

మన వైపు కల్లాల్లో ఇప్పటికీ కనబడే సంగతి ఒకటి చెప్తాం. పెద్దరైతు మనవడికి పదేళ్ళుంటాయి. అరవై దాటిన కంబారిని పట్టుకుని "ఒరే అప్పిగా, మంచినీళ్ళు తేరా" అంటాడు. ఆ ముసలాయన "తెత్తన్నాను బావూ" అంటాడు. పక్కనున్న పదిమంది పెద్దమనుషుల్లో ఒక్కరు కూడా ఆ గుంటడికి మర్యాద తెలీదనరు. పైగా "అచ్చం తాతే!" అని మురిసిపోతారు. ఆ గుంటడు ఇంగ్లీషు మీడియం బడికి వెళ్తాడు. బడి గోడ మీద పెద్దలను గౌరవించవలెను అని రంగుల్లో రాసి ఉంటుంది. వాడు దాన్ని తప్పుల్లేకుండా చదువుతాడు, పరీక్షలో రాస్తాడు, పదికి పది మార్కులు తెచ్చుకుంటాడు. ముసలాయన కూడా పెద్దే అన్న సంగతి వాడికి తట్టదు. ఎందుకంటే వాడింట్లో, వాడి వీధిలో పెద్దరికం వయసుతో రాదు, కులంతో వస్తుంది. మర్యాద తెలియని పిల్లల లెక్క ఎప్పుడైనా తీస్తే ఈ బాబు పేరు ముందు రాయాలి.

ఇక మన పిల్లలకి మన ఇళ్ళల్లో ఏం నేర్పుతున్నామో చూద్దాం. శ్రీకూర్మనాథుడి గుడిలో నక్షత్ర తాబేళ్ళున్నాయి. ఎక్కడెక్కడి జనమో వచ్చి వాటికి దండం పెట్టి పోతారు. పిల్లలెవరైనా చెయ్యి చాపితే చాలు, తలా కాళ్ళూ డొప్పలోకి లాగేసుకుని రాయిలా ఉండిపోతుంది తాబేలు. అది దాని ప్రాణరక్షణ, దాన్ని తప్పు పట్టలేం. మన తల్లులు పిల్లలకి నేర్పుతున్నది సరిగ్గా ఇదే. బాబుగారు ఎదురైతే తువ్వాలు భుజం మీంచి దింపు. కాలు మీద కాలు వేసుకోకు. గొంతు పైకి లేపకు. అడిగితేనే మాట్లాడు. వాళ్ళ పిల్లడు కొడితే తిరిగి కొట్టకు, ఏడవకు కూడా, ఇంటికొచ్చేయ్. మన తాతలు పెద్దవీధిలో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచారు. ఆ రోజులు చాలా ఊళ్ళల్లో పోయాయి. చెప్పులు కాళ్ళకి వచ్చాయి గానీ ఆ ముడుచుకోవడం ఒంట్లోంచి పూర్తిగా పోలేదు. క్లాసులో జవాబు తెలిసి కూడా చెయ్యెత్తని పిల్లల్ని మేము ఏటా చూస్తాం. ఎవరి పిల్లలో అడక్కుండానే చెప్పగలం. "చాలా మర్యాదైన పిల్లండీ, నోరే మెదపదు" అని తోటి మేస్టార్లు మెచ్చుకునేది ఆ పిల్లనే.

తల్లి ఇలా నేర్పుతోందంటే ఆమె తెలివితక్కువది కాదు. ఆమె భయానికి చరిత్ర ఉంది. 1985 జులైలో కారంచేడులో మంచినీళ్ళ చెరువులో గేదెల కుడితి నీళ్ళు పొయ్యొద్దన్నందుకు గొడవ మొదలైంది. చెయ్యెత్తినవాడికి అడ్డంగా మున్నంగి సువార్త బిందె ఎత్తింది. మర్నాడు, జులై 17న, ఆరుగుర్ని చంపారు. 1991లో చుండూరు సంగతి ఇంకా చిత్రం. సినిమా హాల్లో చదువుకున్న దళిత యువకుడి కాలు ముందు సీట్లో కూర్చున్న రెడ్డి కుర్రాడికి తగిలింది. అక్కడ మొదలైంది. ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి, గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. కాలు తగిలితే "అయ్యో, చూసుకోలేదండీ" అంటాం, అవతలివాళ్ళు "పర్లేదు" అంటారు. మర్యాద పాఠం అంటూ ఉంటే అంతకంటే లేదు. అక్కడ ఆ మాటతో ఆగలేదు. 2007 జులై 31న ప్రత్యేక కోర్టు ఇరవయ్యొక్క మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. ఇదంతా తెలిసిన తల్లి కొడుకుతో "తల దించుకుని పో నాయనా" అంటే ఆమెని నిందించే అర్హత ఎవరికీ లేదు.

కానీ ఒక్కటి అడగాలి. తల దించుకుంటే నిజంగా ప్రాణం దక్కుతుందా? 2012 జూన్ 12న లక్ష్మీపేటలో ఐదుగుర్ని చంపారు. అప్పట్లో మన శ్రీకాకుళం జిల్లా వంగర మండలం అది, 2022 నుంచి విజయనగరం జిల్లాలో ఉంది. ఎవరు ఎవరికి మర్యాద తప్పారక్కడ? మడ్డువలస ప్రాజెక్టు కోసం సేకరించగా మిగిలిన భూమిని దళితులు దున్నుకుంటున్నారు. అంతే. చంపినవాళ్ళు ప్రభుత్వ రికార్డుల్లో బీసీలే, ఊళ్ళో మాత్రం బలమున్నవాళ్ళు. చుండూరులో కాలు ఒక సాకు. కారంచేడులో బిందె ఒక సాకు. వెనకున్నది చదువు, కూలి, నీళ్ళు, భూమి, ఓటు. మనవాళ్ళు వీటిలో ఏ ఒక్కటి గట్టిగా పట్టుకున్నా "వీళ్ళకి మర్యాద లేకుండా పోయింది" అన్న మాట ముందు పుడుతుంది, కర్రలు తర్వాత వస్తాయి. అందుకని ఎక్కడైనా ఆ మాట వినబడితే మన సంఘం వాళ్ళు ముందు ఆ ఊళ్ళో భూమి తగాదా ఏముందో, ఎన్నికల తగాదా ఏముందో వాకబు చెయ్యాలి.

మర్యాదగా ఉన్నందువల్ల గౌరవం దొరుకుతుందనేది ఇంకో భ్రమ. బాబాసాహెబ్ తన చిన్నప్పటి సంగతి రాసుకున్నాడు. 1901లో వేసవి సెలవులకి తండ్రి దగ్గరికి కోరెగావ్ బయల్దేరారు పిల్లలందరూ. కొత్త బట్టలు, టోపీలు, బూట్లు. మసూర్ స్టేషన్లో దిగి తండ్రి పంపే మనిషి కోసం ఎదురుచూస్తున్నారు. స్టేషన్ మాస్టారు దగ్గరికొచ్చి ఆప్యాయంగా పలకరించాడు, ఎక్కడి పిల్లలు, ఎక్కడికి పోవాలని అడిగాడు. బట్టలు, మాటతీరు చూసి బ్రాహ్మల పిల్లలనుకున్నాడు. మహర్లమని పిల్లలు చెప్పగానే ఆయన మొహం మారిపోయింది, వెనక్కి తిరిగి తన గదిలోకి పోయాడు. అదే పిల్లలు, అవే బట్టలు, అదే నమ్రత. మధ్యలో మారింది ఒక్క కులం పేరు. బండివాళ్ళెవరూ ఎక్కించుకోమన్నారు. చివరికి రెట్టింపు బాడుగకి ఒకడు ఒప్పుకున్నాడు, బండి పిల్లలే తోలుకోవాలట, తను పక్కన నడుస్తాడట! పదేళ్ళ పిల్లాడి మర్యాదలో లోటేమిటో చెప్పండి. నువ్వు మంచిగా ఉంటే అందరూ నిన్ను గౌరవిస్తారని మన పిల్లలకి చెప్పకండి. అది అబద్ధం. అబద్ధమని వాళ్ళకి ఏదో ఒక రోజు తెలుస్తుంది, ఆ రోజు లోపం తమలోనే ఉందనుకుని కుమిలిపోతారు.

పేర్ల దగ్గరికొద్దాం. మనువు తన స్మృతి రెండో అధ్యాయంలో పేర్లు పెట్టడానికి రూలు రాశాడు. బ్రాహ్మడి పేరు శుభంగా ఉండాలి, క్షత్రియుడి పేరు బలాన్ని, వైశ్యుడి పేరు ధనాన్ని సూచించాలి, శూద్రుడి పేరు మాత్రం వింటే ఏవగింపు కలగాలట. శూద్రుడికే అలా రాసినవాడు ఊరి బయట ఉన్నవాడి గురించి ఏమనుకుని ఉంటాడో ఊహించుకోండి. ఈ రోజు మనువు చెప్పినట్టు ఎవరూ పేర్లు పెట్టుకోవటం లేదు, మన పేటల్లో కూడా దేవుళ్ళ పేర్లు, సినిమా హీరోల పేర్లు, అంబేద్కర్ పేరు అన్నీ ఉన్నాయి. కానీ మనువు పోలేదు, పేరు చివర 'గాడు'లో దాక్కున్నాడు. సూర్యనారాయణ సూరిగాడవుతాడు, అప్పలస్వామి అప్పిగాడవుతాడు, లక్ష్మి లచ్చి అవుతుంది. ప్రేమతో అమ్మ పిలిస్తే అది వేరు. హాజరుపట్టీ తీసిన మేస్టారు ఒక పిల్లాణ్ణి "రాఘవేంద్ర" అని, పక్కవాణ్ణి "ఏరా సూరిగా" అని పిలిస్తే రోజుకి రెండుసార్లు మనువు పాఠం జరిగినట్టే. రిజిస్టర్లో ఉన్న పూర్తి పేరుతో పిల్లలందర్నీ పిలవడానికి ప్రభుత్వం జీవో ఇవ్వక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. తల్లిదండ్రులు బడికొచ్చినప్పుడు కుర్చీ చూపించి "కూర్చోండమ్మా" అనడానికి కూడా అక్కర్లేదు. తన తండ్రిని మేస్టారు 'మీరు' అనడం విన్న పిల్లాడు ఆ రోజు ఇంటికి నడిచే నడకే వేరుగా ఉంటుంది. నమ్మకపోతే చేసి చూడండి.

మాట యాస సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. "ఏటి?" అన్న పిల్లాణ్ణి "ఏమిటండీ అనాలి, మొరటోడా" అని గద్దించడం మన జిల్లాల బళ్ళల్లో పాత జబ్బు. ఏటి, ఎలగ, ఒలే, గుంట - ఇవి మన తల్లుల మాటలు. మాట ప్రామాణికంగా లేకపోవడం అమర్యాద కాదు. ఈ సంగతి చెప్పినవాడు మన జిల్లావాడే. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి. జనం మాట్లాడే మాటని పుస్తకాల్లోకి తేవాలని జీవితమంతా పోరాడాడు. పర్లాకిమిడిలో మేస్టారుగా ఉంటూ సవరల భాష నేర్చుకుని, సవర పిల్లలకి బళ్ళు పెట్టించాడు. ఆయన పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవం అని ప్రభుత్వం జరుపుతుంది. ఆ రోజు స్టేజీ మీద ఆయన ఫొటోకి దండేసి, మర్నాడు క్లాసులో "ఏటి" అన్నందుకు పిల్లాడి చెవి మెలిపెట్టే మేస్టర్లకి ఏం చెప్పాలో మాకు తెలీటం లేదు. మాటతీరు నున్నగా ఉన్నంత మాత్రాన మర్యాదస్తుడు కాడని విజయనగరంలో గురజాడ 1892లోనే గిరీశాన్ని నిలబెట్టి చూపించాడు. తెలుగు మేస్టార్లు మా మీద కోపగించుకోకూడదు, పరీక్షకి రాసే భాష నేర్పండి, తప్పక నేర్పండి. అమ్మ భాషని వెక్కిరించకుండా నేర్పండి.

ఇంకొకటి. ఉప్పూ కర్పూరం గురించి వేమన చెప్పిన పద్యం రాని పిల్లాడు తెలుగుదేశంలో ఉండడు. మాలవాణ్ణి ఎందుకు నిందిస్తారని నిలదీసిన వేమన పద్యాలు ఎంతమందికి వచ్చు? నీతి పద్యాలు చెప్పేటప్పుడు అవి కూడా చెప్పొచ్చు, వేమన ఏమీ అనుకోడు.

బడిలో మర్యాద అంటే పాఠం కాదు, పని. ఎవరు ఊడుస్తున్నారు? మేస్టారికి మంచినీళ్ళు ఎవర్ని తెమ్మంటున్నారు, మరుగుదొడ్డి కడగడానికి ఎవర్ని పంపుతున్నారు? ఈ రెండో పనికి ఒక పేట పిల్లలు, మొదటి పనికి ఇంకో వీధి పిల్లలు అని తెలియకుండానే వంతులు పడిపోతాయి. ఎవరూ కాగితం మీద రాయరు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. పిల్లల్ని కొట్టడమే కాదు, మానసికంగా హింసించడం కూడా పదిహేడో సెక్షన్ ప్రకారం నిషేధం. కులం చూసి చీపురివ్వడం మానసిక హింస కాకపోతే ఇంకేమిటి? పని చెయ్యడం చిన్నతనమని మేము అనటం లేదు. ఊడవాలి, కడగాలి, అందరూ చెయ్యాలి, మేస్టారు ముందు చెయ్యాలి. వంతుల చార్టు గోడకి అంటించాలి, హాజరుపట్టీ వరసలో. పెద్దరైతు మనవడికి మంగళవారం వస్తే మంగళవారం చీపురు పట్టాలి. ఆ పిల్లాడికి జీవితంలో దొరికే మొదటి మంచి మర్యాద పాఠం అదే కావచ్చు.

మధ్యాహ్న భోజనం ఇంకో పెద్ద బడి. వండిన అన్నం పెట్టమని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న చెప్పింది. వంటవాళ్ళుగా దళితులకి, ఆదివాసీలకి ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్ 20న మళ్ళీ చెప్పింది. మన బళ్ళల్లో అది ఎంతవరకు అమలైందో మీ ఊళ్ళో మీరే లెక్క చూసుకోండి. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లాలో ఒక బడిలో దళిత వంటామె వండిన అన్నం అగ్రకుల పిల్లలు మానేశారు. ఆమెను పనిలోంచి తీసి అగ్రకులం ఆమెను పెడితే, ఈసారి దళిత పిల్లలు ఆ అన్నం ముట్టుకోలేదు. చివరికి దళిత మహిళని మళ్ళీ పనిలో పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ దళిత పిల్లల్ని చూసి "అన్నాన్ని అవమానించారు, మర్యాద లేదు" అన్న పెద్దలున్నారు. మాకు మాత్రం వాళ్ళు ఆ బడికే మర్యాద నేర్పినట్టు కనబడింది.

మరి మనం నేర్పాల్సిన మర్యాద ఏది? అది దిగుమతి చేసుకోవాల్సిన పనిలేదు. మన గార మండలంలోనే, వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద, క్రీస్తు పూర్వం నుంచీ వందల ఏళ్ళు నిలిచిన బౌద్ధ స్తూపాలున్నాయి. పిక్నిక్‌కి పోయి ఫొటోలు దిగి వచ్చేస్తాం. అక్కడ కూర్చుని పిల్లలకి చెప్పాల్సిన కథ ఒకటుంది. సిగాలుడనే కుర్రవాడు పొద్దున్నే తడిబట్టలతో ఆరు దిక్కులకీ దండం పెడుతుంటే బుద్ధుడు ఆగి, ఎందుకు నాయనా అని అడిగాడు. మా నాన్న చెప్పాడన్నాడు. అప్పుడు బుద్ధుడు ఆరు దిక్కులంటే ఆరు రకాల మనుషులని చెప్పాడు: తల్లిదండ్రులు, గురువులు, భార్యాబిడ్డలు, స్నేహితులు, పనివాళ్ళు, శ్రమణ బ్రాహ్మణులు. ఒక్కొక్కరి పట్ల నీకు ఐదు బాధ్యతలు, నీ పట్ల వాళ్ళకీ బాధ్యతలున్నాయి. శిష్యుడు గురువుకి లేచి నిలబడాలి, నిజమే. గురువు కూడా తనకి తెలిసింది దాచుకోకుండా శిష్యుడికి చెప్పాలి. పనివాడు యజమానికి నమ్మకంగా ఉండాలి. యజమాని ఆ మనిషి శక్తి చూసి పని చెప్పాలి, కూలీ తిండీ ఇవ్వాలి, జబ్బు చేస్తే చూడాలి, ఇంట్లో మంచి వంట చేస్తే పంచాలి, సెలవివ్వాలి. రెండు వేల అయిదు వందల ఏళ్ళ కిందటి మాట ఇది. మన కామందుల్లో ఈ ఐదూ చేసేవాళ్ళు ఎంతమందున్నారు? రెండు వైపులా నడిచేదే మర్యాద. ఒక వైపే నడిచేదాన్ని వెట్టి అంటారు.

ఇంకో కథ ఉపాలిది. మంగలి ఉపాలి శాక్య రాకుమారులతో కలిసి సంఘంలో చేరడానికి వచ్చాడు. రాకుమారులే బుద్ధుణ్ణి అడిగారు, ముందు ఉపాలికి దీక్ష ఇవ్వండి, మాకంటే పెద్ద అవుతాడు, మేము ఆయనకి నమస్కరించాలి, అప్పుడు మా శాక్య పొగరు అణుగుతుంది అని. చూశారా, అక్కడ తల వంచడం నేర్చుకున్నది ఎవరో? నమస్కారం పెట్టడం అవసరమైన పాఠం పైనున్నవాడికి, మనవాడికి కాదు. మనవాడికి కావాల్సింది నిటారుగా నిలబడటం. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ గారు కార్యదర్శిగా ఉన్న రోజుల్లో పిల్లలచేత చేయించిన స్వేరో ప్రతిజ్ఞల్లో మొదటిది, తాను ఎవరికంటే తక్కువ కాదని చెప్పుకోవడం. 2014 మే 25న పదమూడేళ్ళ మాలావత్ పూర్ణ, తోడుగా ఆనంద్ కుమార్, ఎవరెస్టు ఎక్కారు. గురుకులం పిల్లలే. ఆ సంస్థ మీద, ఆయన తర్వాతి రాజకీయాల మీద ఎవరికి ఏ అభిప్రాయమైనా ఉండొచ్చు. ఉదయం అసెంబ్లీలో ఆ మాట అనిపించడం సరైన పని అని మా అభిప్రాయం.

ఇదంతా పెద్దవీధికి చెప్పి ఊరుకుంటే సగం పనే. మన పేట లోపల చూడాలి. ఏప్రిల్ 14న నీలం జెండా పట్టుకుని జై భీమ్ అన్న కుర్రాడు రాత్రి ఇంటికొచ్చి తల్లిని "ఒసే" అంటే ఆ జెండాకి ఏం మర్యాద మిగిలింది? 1927లో మహద్‌లో బాబాసాహెబ్ చెరువు నీళ్ళ గురించి ఎంత మాట్లాడాడో మనవాళ్ళ నడవడి గురించీ అంతే మాట్లాడాడు, ఆడవాళ్ళని పిలిచి ప్రత్యేకంగా చెప్పాడు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి తాగుడుకీ జోగిని ఆచారానికీ వ్యతిరేకంగా ఊరూరా తిరిగాడు. ఎవరో మెచ్చుకుంటారని కాదు. మన ఇంట్లో ఆడమనిషికి ఇవ్వని గౌరవాన్ని ఊళ్ళో అడగటం కుదరదని వాళ్ళకి తెలుసు. అలాగే రెల్లి వీధి సంగతి. మాల ఇంట్లో పిల్లాడు వీధులూడ్చే రెల్లి ముసలమ్మని 'ఒలే' అని పిలవడం మనం వింటూనే ఉన్నాం. వర్గీకరణ మీద 2024లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, దాని మీద మనలో మనకి వాదాలున్నాయి, ఉండనివ్వండి. ఆ వాదం తేలేదాకా ఆగకుండా ఆ ముసలమ్మని 'మామ్మా' అని పిలవమని ఈ రాత్రే పిల్లలకి చెప్పొచ్చు.

చివరిగా తల్లులు మమ్మల్ని అడిగే ప్రశ్న. "మేస్టారూ, మీరు బాగానే చెప్తారు. రేపు బాబుగారు ఒరే అంటే మావోడు ఏం చెయ్యాల? తిరగబడితే వాళ్ళ నాన్న పని పోదా?" ఈ ప్రశ్నని తేలిగ్గా తీసుకునే ఉపన్యాసకుడు పేటకి రాకుండా ఉంటే మంచిది. మేము పిల్లలకి చెప్తున్నది ఇది: కోపంగా చూడకు, తల కూడా దించకు. కళ్ళలోకి చూసి "నా పేరు సూర్యనారాయణ అండీ" అని పూర్తి పేరు చెప్పు. అండీ అనడం మర్చిపోకు. అంతే, అక్కణ్ణుంచి వచ్చేయ్. ఇందులో అమర్యాద ఎక్కడుందో ఎవరూ చూపించలేరు. దాని మీద కూడా గొడవ పెడితే, ఆ గొడవ పిల్లాడిది కాదు, మనది. పిల్లాణ్ణి ముందు నిలబెట్టి సంఘం వెనక నిలబడటం పిరికితనం. పెద్దాళ్ళు పదిమంది కలిసి వెళ్ళి మాట్లాడాలి. అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. 2015 సవరణ ప్రకారం జనం చూస్తుండగా కులం పేరు పెట్టి తిట్టడం విడిగా నేరం, 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. చట్టం ఉందని చెప్పి ఊరుకోకూడదు, చుండూరు తీర్పులు మనం చూశాం. సాక్షి, తేదీ, అన్న మాట యథాతథంగా కాగితం మీద అదే రోజు రాసి పెట్టుకోవాలి. రాయడం వచ్చిన పిల్లలు మన ఇంట్లో ఇప్పుడున్నారు కదా.

ప్రతి నెలా 30న పౌరహక్కుల దినం. తహసీల్దారుగారూ ఎస్సైగారూ ఏదో ఒక పేటకి వచ్చి టెంటు కింద కూర్చుని, చట్టాల పేర్లు చదివి, ఫొటో దిగి వెళ్ళిపోతారు. ఈసారి మీ పేటకి వచ్చినప్పుడు రోడ్డు, శ్మశానం, పెన్షన్ల కాగితాలతో పాటు ఇంకో కాగితం పట్టుకెళ్ళండి. బడిలో ఊడ్చే వంతుల చార్టు గోడ మీద ఉందా, హాజరు ఏ పేర్లతో పిలుస్తున్నారు, వంట ఎవరు వండుతున్నారు, ఎవరు తినటం లేదు - ఈ నాలుగూ అడగండి. జవాబులు రాసుకుని పత్రికకి పంపండి, ఊరి పేరుతో వేస్తాం.